పసుపు కింది ఎరుపు

ఇది జంట వరద వచ్చిన ఏడాది మాట. శ్రావణంలో ఒకసారి లంకల్ని ముంచి పోయిన గోదారి, గట్ల మీద బురద ఆరకముందే మళ్ళీ తిరిగొచ్చింది. మా మడపల్లి రేవులో ఇప్పటికీ పిల్లల వయసు చెప్పాలంటే జంట వరదకు ముందా, తరవాతా అని అడుగుతారు. ఆ రెండో వరదలో మా పంటు మీద జరిగింది చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. చేసినవాళ్ళం నలుగురం. నేను తప్ప మిగతా ముగ్గురూ ఆడవాళ్ళు.

పంటు ఎరగని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. రెండు ఇనప పడవల్ని పక్కపక్కన పెట్టి, అడ్డంగా దూలాలు వేసి, పైన ఇనప రేకు పరిచి ఒకటిగా అతికితే అది పంటు. ముందువైపు ర్యాంపు ఉంటుంది. రేవులో దాన్ని దించితే ఆటోలు, కొబ్బరి లారీలు, గేదెలు, పెళ్ళివారు అందరూ దానిమీదుగానే ఎక్కుతారు. అవతల చిలకలంక. ఆ లంకకు వంతెన లేదు. నెలలు నిండి నీళ్ళాడే ఆడమనిషైనా, బడి పంతులైనా మా పంటు కదిలితేనే ఏరు దాటాలి.

పంటు నడిపే సరంగు నా కూతురు మంగతాయారు. అతుకులు వేసేది నేను.

ఇనుముకు ఒక గుణం ఉంది. అతికిన చోట ఎప్పుడూ మధ్యలో పగలదు. అతుకు అంచున, పాత రేకూ కొత్త ఇనుమూ కలిసే గీత దగ్గర వెంట్రుకంత బీట పుడుతుంది. ఏటా వేసవిలో పంటును ఒడ్డుకు లాగి, ఆ బీట గ్రైండరుతో తవ్వి, మళ్ళీ రాడ్డు కాల్చి పూడ్చేవాణ్ణి. మరుసటి ఏడు దాని పక్కనే ఇంకోటి పుట్టేది. ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి ముందు దూలాన్ని చూసి, ఇంకో బీట కనిపిస్తే పంటుకు అనుమతి ఇవ్వనని చెప్పి వెళ్ళాడు. అనుమతి పోతే లంక పోయినట్టే. తాయారు ఆ పూట అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే కాత్యాయనిగారు వచ్చారు. కాకినాడలో ఆవిడకు ఒక ప్రయోగశాల ఉంది. ఇనుము ఎందుకు అలిసిపోతుందో కనిపెట్టడం ఆవిడ పని. అక్కడ మరమనిషి వేసే అతుకులు మరీ తీరుగా ఉంటున్నాయట, రేవుల్లో చేత్తో వేసే అతుకులు కావాలట. నన్ను రమ్మన్నారు. వెళ్ళాను.

అక్కడ ఒక యంత్రం ఉంది. నేను అతికిన ముక్కను రెండు కొసలా పట్టుకుని లాగుతుంది, వదులుతుంది. లారీ ఎక్కినప్పుడల్లా, అల తగిలినప్పుడల్లా పంటుకు ఏమవుతుందో అది గబగబా చేసి చూపిస్తుంది. నా ముక్క మధ్యాహ్నం భోజనాల వేళకు ఫట్‌మంది. అంచునే పగిలింది. నాకు సిగ్గనిపించలేదు. ఎవరు వేసినా అక్కడే పగులుతుంది.

తరవాత ఆవిడ నా చేతికి కళ్ళజోడు ఒకటి ఇచ్చారు. బరువుగా, నల్ల కళ్ళద్దాల్లా ఉంది. పెట్టుకుని ఇంకో అతుకు వైపు చూశాను. అంచు పొడుగునా ఎర్రటి గీత, నిప్పు ఊదినట్టు. అతుకు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కదా, పక్క రేకు దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ లాగుడు పైకి కనపడకుండా లోపలే ఉండిపోతుంది. పడవ ఏట్లోకి దిగకముందే ఆ అంచు సగం అలిసిపోయి ఉంటుంది. ఆ లాగుడే ఈ అద్దాల్లో ఎరుపు. ఇన్నేళ్ళు నేను అతికిన ప్రతి అంచులోనూ ఇది ఉందన్నమాట. అద్దాలు తియ్యాలనిపించలేదు. ఆవిడ కుర్చీ కాళ్ళు చూశాను. కిటికీ ఊచలు చూశాను. పైన ఫ్యాను కొక్కెం చూసి, నా కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాను. ఆవిడ నవ్వి, అందరూ మొదట చేసే పని అదేనన్నారు.

అప్పుడు సుత్తి తీశారు. సుత్తి అంటే సుత్తిలా ఉండదు. చెయ్యంత గొట్టం, కొసన మొండి సూది. మీట నొక్కితే ఆ సూది కంటికి కనపడనంత జోరుగా కొడుతుంది, దూలంలో తుమ్మెద తొలుస్తున్నట్టు చప్పుడు. మేం దానికి తుమ్మెద అనే పేరు పెట్టాం. ఆవిడ దాన్ని అంచు వెంట నడిపారు. వెనకాల గోటితో గీసినట్టు మెరుస్తూ ఒక గాడి పడింది. అద్దాల్లోంచి చూస్తున్నాను. ఎరుపు ఆ సూదిని చూసి పారిపోయింది. ఉన్నచోట నీలం వచ్చింది. నీలం అంటే లాగుడు పోయి నొక్కుడు వచ్చిందని. నొక్కిపెట్టిన చోట బీట నోరు తెరవలేదు.

అంచును సూదితో కొట్టి గట్టిపరచడం ఇదివరకే ఉన్న పనేనట. ఆవిడ కనిపెట్టింది ఆ తోలడం. లాగుడును అంచులోంచి లేపి, రేకు లోపలికి తోలి, పలచగా పరిచెయ్యడం.

తుమ్మెద నడిపిన ముక్కను యంత్రంలో పెట్టారు. ఆ రోజు పగల్లేదు. ఆ వారం పగల్లేదు. నేను ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళినా అది అలా ఊగుతూనే ఉంది. అక్కడి కాపలావాడు పొద్దున్నే వచ్చి దానికి దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టాడు.

ఒక్కటి మాత్రం గమనించాను. పొగలు కక్కే టీ తెచ్చారు. గ్లాసు నేను పట్టుకోలేక కింద పెట్టేశాను. కాత్యాయనిగారు తన గ్లాసును కుడి పిడికిలితో పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు. వేళ్ళ కొసలు ఉడికిన చేమదుంపలా తెల్లగా ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించి, గ్లాసు ఎడమచేతికి మార్చుకున్నారు. ఇన్నేళ్ళు తుమ్మెదను పట్టుకున్నందుకు అది తీసుకున్నది ఆ వేళ్ళ స్పర్శేనని, తక్కువ జోరులో నడిపితే అంత రాదని అన్నారు.

వేసవిలో పంటు ఒడ్డెక్కింది. కాత్యాయనిగారు రేవుకు వచ్చి మకాం పెట్టారు. తాయారుకి ఆవిడంటే తగని ఇష్టం. ఇద్దరూ ఎండలో పడవ కిందకి దూరి, వంతులవారీగా అద్దాలు పెట్టుకుని, ఇదిగో ఇక్కడ, అదిగో అక్కడ అని అరుచుకుంటూ సుద్దతో గుర్తులు పెట్టేవారు. నేను తక్కువ జోరులో తుమ్మెద నడిపేవాణ్ణి. అంచు వెనక అంచు ఎరుపు వదిలి నీలం తిరుగుతుంటే, ఈ వయసులో నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. నా భార్య నూకరత్నం క్యారేజీ తెచ్చి, నేను దిగిందాకా పడవను గరిటెతో కొట్టేది.

ఒక్కచోట మాత్రం మేం తుమ్మెద నడపలేదు. అక్కడ మామ్మ ఉంది.

మా వాళ్ళకు ఒక అలవాటు. కొత్త పంటు కడితే పాత పంటులోంచి ఒక ముక్క కోసి అందులో అతుకుతాం. ఆ పాతదాంట్లో అంతకు ముందుదాని ముక్క ఉంటుంది. అలా మా తాత నడిపిన పడవ దగ్గర్నుంచీ ఒక అరచెయ్యంత ఇనుము పంటు తరవాత పంటుకు వస్తూ ఉంది. దాన్ని మామ్మ అంటాం. కుడి పడవకు ముందు దూలం కలిసే మూల మామ్మ స్థానం. ప్రతి శుక్రవారం రత్నం దానికి నూనెలో కలిపిన పసుపు పట్టించి బొట్టు పెడుతుంది. అంతకు ముందు మా అమ్మ పట్టించింది. పసుపు మీద పసుపు, అంగుళం మందాన పెచ్చు కట్టి ఉంది. దాన్ని గీకడం మాట ఎవరికీ రాలేదు. కాత్యాయనిగారు కూడా అక్కడికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పి, అద్దాలు తీసి, కళ్ళకద్దుకునేవారు.

ఆషాఢంలో తనిఖీ అధికారి వచ్చాడు. బీట ఒక్కటి లేదు. సంతకం పెట్టి, తనూ ఒకసారి అద్దాలు పెట్టుకుని చూసి, తన జీపు వైపు తిరిగి చూసి గబుక్కున తీసేశాడు. మిగతా రేవుల వాళ్ళు వరస కట్టారు. తాయారు పంటు మీద రెండు లారీలు ఎక్కించి, నడి ఏట్లో ఇంజను జోరు పెంచి, పాడుకుంటూ నడిపేది.

కాత్యాయనిగారికి మాత్రం నిద్ర లేదు. వారం వారం వచ్చి అద్దాలతో పంటంతా తిరిగేవారు. ఒకనాడు నన్ను పిలిచి, తోలిన ఎరుపు ఏమైందో లెక్క తేలడం లేదన్నారు. ఒకచోట లాగుడు పోతే ఇంకోచోట ఉండి తీరాలి, ఇనుములో అది మాయం కాదు. ప్రయోగశాలలో చిన్న ముక్క గనక పలచబడి ఆగిపోయింది. ఇక్కడ పంటు రోజూ ఊగుతోంది. ఊగినప్పుడల్లా ఆ ఎరుపు కొంచెం కొంచెం కదులుతోందని ఆవిడ అనుమానం.

ఎక్కడికి పోతోందండీ అని అడిగాను.

"అదే కనపడట్లేదు మరిడయ్యగారూ. చూడని చోటు లేదు," అన్నారు.

నిజంగానే అలా అనుకున్నాం ఇద్దరం.

మొదటి వరద వచ్చింది, పోయింది. పంటు చెక్కుచెదరలేదు. దాన్ని చూద్దామని వచ్చిన కాత్యాయనిగారు రోడ్లు తెగి మా ఇంట్లోనే ఉండిపోయారు. ఇంతలో రెండోది వచ్చింది. ఈసారి చిలకలంకలో బడి మెరక తప్ప ఏమీ మిగల్లేదు. ఊరంతా అక్కడికే చేరింది. సర్కారు మోటారు బోట్లు నలుగురు నలుగురు మనుషుల్ని తెస్తున్నాయి. నీళ్ళు మెరక అంచు తింటున్నాయి. అంతమందినీ తేగలిగింది పంటు ఒక్కటే. వెళ్ళమని ఎవరూ అనలేదు, వెళ్ళొద్దని కూడా అనలేదు. తాయారు ఇంజను వేసింది. ఆ రోజు శుక్రవారం. మామ్మకు పసుపు పట్టిస్తున్న రత్నం దిగకుండా అలాగే గిన్నె పట్టుకుని కూర్చుంది. కాత్యాయనిగారు అద్దాలు, తుమ్మెద సంచి తీసుకుని ఎక్కారు.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. మెరక దగ్గర ర్యాంపు దించగానే జనం, గేదెలు, మూటలు, కోళ్ళు ఎక్కాయి. సగం మందే పట్టారు. మిగతావాళ్ళకి మళ్ళీ వస్తానని చెప్పి, తాయారు ర్యాంపు ఎత్తించి పంటును ఏట్లోకి తిప్పింది. కట్టా బుల్లబ్బాయి అని నా ఈడువాడు, నడుం లోతు నీళ్ళలోంచి ఎక్కి కూడా ఊరుకోలేదు.

"మీ నాన్న నోరిప్పితే గోదారి పొంగుద్దంటారు. ఏం మాటాడేడే తాయారూ, రెండోసారొచ్చింది?"

"మాటేం ఆడలేదు మావా. మొన్న తుమ్మేడు, అంతే."

పంటంతా నవ్వింది. తడిసి వణుకుతున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, కాళ్ళ కింద తంబూరా తీగ మీటినట్టు సన్నగా ఒక చప్పుడయింది.

అందరికీ వినిపించలేదు. నాకు, కాత్యాయనిగారికి వినిపించింది. ఇద్దరం ముందు మూలకి పరిగెత్తాం. ఆవిడ చెప్పులు విప్పేశారు. అలవాటుగా చెయ్యి అద్దాల మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. తియ్యలేదు. అద్దాలతోనే వంగి మామ్మ వైపు చూశారు.

"పసుపు చుట్టూ ఎర్రగా అంచుంది. చీరకు అంచున్నట్టు," అన్నారు. అద్దాలు తడుముకుని, "చెప్పులు విప్పినప్పుడల్లా ఇవీ విప్పేదాన్ని," అన్నారు.

పసుపు పెచ్చులోంచి అద్దాలకు కనపడదు. గీకి చూడాలి. నేను రత్నం వైపు చూశాను. ఈ పసుపు మీద చాకు పెట్టే హక్కు నాకు లేదు. రత్నం పసుపు గిన్నె పక్కన పెట్టి, ఎవరి మూటలోంచో కొబ్బరి కోరాము లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలెట్టింది. మా అమ్మ పెట్టిన పసుపు, తను పెట్టిన పసుపు పలకలు పలకలుగా లేచి గోదాట్లో పడ్డాయి. రత్నానికి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. కింద మామ్మ తేలింది. అద్దాలు నా కళ్ళకు పెట్టారు. అంత ఎరుపు నేను కొలిమిలో కూడా చూడలేదు. మేం పంటంతటిలోంచి తోలిన లాగుడు మొత్తం, ఎన్నోసార్లు అతికి అతికి నలిగిన ఆ అరచేతి ఇనుములోకి చేరింది. దాని కింది అంచున వేలంత బీట.

ఆగితే ప్రవాహం సముద్రం వైపు లాక్కుపోతుంది. ఇలాగే పోతే ఒడ్డు చేరేలోగా బీట దూలం దాటుతుంది. అప్పుడు కుడి పడవ ఒక దారిన, ఎడమ పడవ ఒక దారిన పోతాయి. మధ్యలో ఉన్న జనం నీళ్ళలో. కాత్యాయనిగారు ఇదంతా గబగబా నా ఒక్కడికే చెప్పారు.

ఎరుపును ఇంకో చోటికి తోలొచ్చా అని అడిగాను.

ఆవిడ మామ్మను చూశారు, దూలం వెంట చూస్తూ ముందుకు వెళ్ళారు, గొలుసులతో పైకెత్తి ఉన్న ర్యాంపు దగ్గర ఆగారు. సుద్ద తీసి మామ్మ నుంచి ర్యాంపు మడతబందుల దాకా గీత గీశారు. ఎరుపునంతా ర్యాంపులోకి తోలితే అది తెగి పడిపోతుంది. పడిపోనివ్వాలి. కానీ తక్కువ జోరుకు ఇంత ఎరుపు కదలదు.

"పూర్తి జోరు మీద పెట్టాలి. చెయ్యి మొద్దుబారిపోతుంది మరిడయ్యగారూ. మళ్ళీ రాకపోవచ్చు. నా చేతికి పట్టే లేదు, జారిపోతుంది. లేకపోతే నేనే చేసేదాన్ని."

నేను తుమ్మెదను తీసుకున్నాను.

తాయారుతో ఒకటే చెప్పాను, అలకు ఎదురుగా పట్టమని. పక్క అల కొడితే ఎరుపు వెనక్కి జారుతుంది. తను ఇంజను తగ్గించి, ముక్కు ఎగువకు తిప్పి పట్టింది. జనాన్నీ గేదెల్నీ ఎడమవైపు వెనక్కి జరిపారు. మీట పూర్తిగా నొక్కాను. ఎముకలోకి ఎక్కింది. పళ్ళు కూడా మోగాయి. సూదిని మామ్మ వెనక అంచున పెట్టాను. ఎరుపు కదిలింది.

బాతుల్ని తోలినవాళ్ళకు తెలుస్తుంది. ఎదురుగా వెళితే చెదురుతాయి. తొందరపెడితే వెనక్కి మళ్ళుతాయి. వెనకాల, కొంచెం పక్కగా, కర్ర చూపిస్తూ నడవాలి. అలా తోలాను. ఎరుపు మామ్మలోంచి దూలంలోకి దిగింది. ఒక పాయ పక్కకి పోబోతే సూది అడ్డం పెట్టాను, తిరిగొచ్చి గుంపులో కలిసింది. కాత్యాయనిగారు నా భుజం మీద చెయ్యి వేసి కుడి, ఎడమ అంటున్నారు. వెనక మామ్మ నీలం తిరుగుతోంది. ఎవరో దేవుడి పేరు ఎత్తుకున్నారు, పదిమంది అందుకున్నారు. నాకు భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఒళ్ళంతా ఊగిపోతున్నా, ఇంత ఇనుము నా మాట వింటోందన్న సంబరం ఒకటి పట్టుకుంది. దూలం సగం దాటేసరికి వేళ్ళు చల్లబడ్డాయి. కొసకి వచ్చేసరికి వేళ్ళు ఉన్నాయో లేవో చూసుకోవాల్సి వచ్చింది. చూశాను, మీట మీదే ఉన్నాయి. తోలుతూనే ఉన్నాను.

ఎరుపంతా ర్యాంపులోకి ఎక్కింది. మడతబందులు నిప్పుకణాల్లా వెలిగాయి. కాత్యాయనిగారు నన్ను వెనక్కి లాగి, గొలుసులు వదలమన్నారు. బుల్లబ్బాయీ ఇంకో ఇద్దరూ గొలుసులు వదిలారు. ర్యాంపు ముందుకు ఒరిగింది, ఒక్క ఊపు ఊగింది, ఫట్‌మని రెండు బందులూ ఒకేసారి తెగాయి. అంత ఇనుమూ గోదాట్లో పడి ఒక్క గుటకలో మాయమైంది. ముందు బరువు పోయి పంటు ముక్కు పైకి లేచింది. మామ్మ వైపు చూశాం. బీట వేలంత దగ్గరే ఆగి ఉంది.

తాయారు ఇంజను జోరు పెంచింది. రేవులో ర్యాంపు లేదు గనక జనం చేతులు పట్టుకుని, గొలుసులా నిలబడి, ముసలివాళ్ళను ఒకరి మీంచి ఒకరికి అందించుకుంటూ దిగారు. గేదెలు తమంతట తామే దూకాయి. బుల్లబ్బాయి దిగుతూ నా దగ్గర ఆగి, ఇంక తుమ్మొద్దురా బాబూ అని దణ్ణం పెట్టాడు.

చీకటి పడ్డాక ఏరు దాటడం కుదరదు. మిగతా సగం మంది మెరక మీదే ఉన్నారు. ఇంటికొచ్చాం. రత్నం అన్నం వార్చి, పొగలు కక్కుతుండగానే వడ్డించి, వేడిగా ఉంది ఆగమంది. నేను అప్పటికే కలుపుతున్నాను. ఆవిడ నా చెయ్యి వైపు చూసింది. చెయ్యి పట్టుకుని పైకెత్తి, వేళ్ళ కొసలు ఒక్కొక్కటే నొక్కి చూసింది. తనే అన్నం చల్లార్చి కలిపి పెట్టింది. కాత్యాయనిగారు తన కంచం ముందు తల దించుకుని కూర్చున్నారు. రత్నం ఆవిడ చెయ్యి కూడా తీసుకుని చూసి, "ఇదీ ఇంతేనా తల్లీ," అని, ఆ కంచం కూడా తన ముందుకు లాక్కుంది.

తెల్లారాక వాన ఆగింది. గ్యాస్ కట్టరు తీసి మామ్మను పంటులోంచి కోశాను. ఆ చోట కొత్త రేకు పెట్టి అతికాను. చేతికి తెలియకపోయినా, అతుకు కంటితో వేసేదే. కాత్యాయనిగారు చెప్పులు విప్పి, అద్దాలు పెట్టుకునే, అంగుళం అంగుళం చూశారు. ముందు కొసన ఒక వట్టి రేకు బోల్టులతో బిగించాం. ఇక మీద తోలిన ఎరుపంతా దాన్లోకి పోవాలి, నిండినప్పుడు విప్పి పారెయ్యాలి. దాని మీద రంగు గానీ బొట్టు గానీ ఎవరూ పెట్టకూడదని తాయారు అక్కడే అందరికీ వినపడేలా చెప్పింది.

మామ్మను ఏట్లో కడిగాను. రత్నం కొత్తగా పసుపు పట్టించింది. దాన్ని మళ్ళీ అతకలేదు. సరంగు గది ముందు కడ్డీకి తాడుతో వేలాడదీశాం. పంటు ఎటు ఊగినా అది ఊరికే ఊగుతుంది, దాని మీదికి ఏ లాగుడూ వెళ్ళదు. ముడి నేనే వెయ్యబోయాను. తాడు కొస నా వేళ్ళ మధ్య ఉందో, జారిపోయిందో తెలియలేదు. తాయారు నా చేతిలోంచి తీసుకుని ముడి బిగించింది. రెండుసార్లు లాగి చూసింది. తరవాత ఇంజను వేసింది. నేను అద్దాలు పెట్టుకుని ముందు మూలన కూర్చున్నాను. మిగిలిన వాళ్ళ కోసం చిలకలంక వైపు కదిలాం.